పురిటి గట్టు

మే నెల, పొద్దున అయిదున్నర.
స్పానిష్ ఫోర్ట్ నుంచి మొబీల్ దాకా
నీళ్ళ మీదుగా పోయే పాత హైవే.
కుడిపక్క డెల్టా, ఎడమపక్క అఖాతం,
నడుమ నేను, నారింజరంగు జాకెట్టు,
ఒక పార, ఒక కాగితాల అట్ట.

రోడ్ల శాఖ నాకు జీతమిచ్చేది గుంతలు చూడమని.
తాబేళ్ళ లెక్క ఎవరూ చెప్పని పని,
ఎవరూ వద్దనని పని.

అట్ట మీద గళ్ళు నాలుగు:
తేదీ. మైలురాయి. బతికినవి. పోయినవి.
పార నాలుగో గడి కోసం.

ఎర్రపొట్ట తాబేలు.
పెద్దది అన్నం పళ్ళెమంత,
పిల్ల పాత అర్ధరూపాయంత.
ఇంకెక్కడెక్కడో బోలెడు ఉంటాయనుకున్నాను మొదట్లో.
లేవట. దాదాపు ఇక్కడే,
ఈ అయిదు పాయల బురదలోనే.

నీళ్ళలో గుడ్లు పెట్టలేదు, మెట్ట కావాలి.
జమ్మూ తుంగా తప్ప మరేమీ నిలవని ఈ పర్రలో
మెట్ట అంటే
ఎప్పుడో మనిషి ఒండ్రు తవ్విపోసిన
ఈ రోడ్డు గట్టే.
ఇక్కడ పుట్టిన ఆడపిల్ల
పదేళ్ళకో పన్నెండేళ్ళకో
పురిటికి పుట్టింటికే వస్తుంది.
పుట్టింటి మీద నుంచి
రొయ్యల లారీలు పోతుంటాయి.

మొదటి ఏడు నాలుగో గడిలో అరవై ఒకటి.
అందుకని కంచె వేయించాం.
(వేయించాం అనడం తేలిక.
మూడేళ్ళ ఉత్తరాలు, రెండు మైళ్ళ వల.)
తర్వాతి మేలో పదకొండు.
ఆ అంకె వేసి, కార్లో ఒక్కదాన్నే కూచుని
రెండు డోనట్లు తిన్నాను, పండగ.

ఆ పై ఏడు కంచె కోశారు.
మూరెడు వెడల్పు, శుభ్రంగా,
పని తెలిసిన చెయ్యి.
కోతకి ఎదురుగా రోడ్డు మీద మూడు.
ఒకదాని పగిలిన డిప్పలో గుడ్లు,
ఇంకా వెచ్చగా.
తిట్టాను. తెలుగులోనే.
ఇంగ్లీషులో నాకు అంత బలమైనవి రావు.

మర్నాడు చీకట్లోనే కాపేశాను.
వచ్చాడు వెర్డెల్ ప్రిడ్జెన్,
ఒక చేతిలో బకెట్టు, భుజాన విసురువల,
మోకాలికి కట్టు.
"నలభై ఏళ్ళుగా ఈ రాళ్ళ మీద నుంచే
ములెట్ చేపలకి వల వేస్తున్నా.
మీ కంచె ఎక్కడానికి మోకాలు లేదు,
చుట్టూ తిరిగి పోవడానికి కారు లేదు.
తాబేలుకి చట్టం ఉంది. నాకేముందమ్మా?"

నా జేబులో ఆ చట్టం సెక్షన్ నంబరుంది.
తియ్యలేదు.
ఆయన వంగి దాటేదాకా బకెట్టు పట్టుకున్నాను.

శాఖకి రాస్తే మళ్ళీ మూడేళ్ళు.
శనివారం సొంత డబ్బుల్తో
రెండు బందులూ ఒక బరువూ కొన్నాను,
దానంతటదే మూసుకునే గేటుకి.
బిగించింది ఆయనే.
కోసిన చేతికే తెలుసు కోత కొలత.
మొదటి వానకే తుప్పు పట్టింది అనుకోండి.

నిన్న పొద్దున ఫోను.
ఆయనకి హలో అనే అలవాటు లేదు.
"గేటు సరిగ్గా పడలేదు, తప్పు నాదే.
ఒకతి రోడ్డు వైపు వచ్చేసి ఉంది. ఏం చెయ్యను?"
వెనక కాళ్ళకి మట్టి ఉందా, అన్నాను.
"ఉంది. తడిమట్టి."
అయితే పురుడైపోయింది, నీళ్ళవైపు దించండి.

అటు నుంచి చాలాసేపు లారీల చప్పుడు.
"దించా. థాంక్స్ కూడా చెప్పలేదు.
గుడ్లు గట్టు మీద పెట్టింది, గేటుకి ఇవతల.
మరి పిల్లలెట్లా దాటతాయి?"

మార్చిలో తెరిచి పెట్టాలి.

"పెడతా. రకూన్లు తవ్వకుండా
నా పీతల బోను బోర్లించాను దాని మీద.
బోను పద్దెనిమిది డాలర్లు.
మీ శాఖలో రాసుకో."

రాశాను,
గుంతలు పూడ్చిన పద్దు కింద.
అబద్ధం కాదు.
ఆవిడ గుంత తవ్వింది,
పూడ్చి మరీ పోయింది.